పాత షెవర్లే టిల్ట్ స్టీరింగ్ కాలమ్: కొనేముందు గుర్తించడం, విప్పి బాగుచేయడం ఎలా?

స్టీరింగ్ కాలమ్ అంటే స్టీరింగ్ వీల్‌ను కింద స్టీరింగ్ బాక్సుకు కలిపే గొట్టం, దానిలోని షాఫ్టు. స్క్రాప్ యార్డులో పడి ఉన్న కాలమ్‌లలో ఏది ఏ కారుదో రంగు చూసి చెప్పలేం. అమ్మేవారి మాట పట్టుకుని కొంటే తీరా బిగించేటప్పుడు పొడవు చాలదు, లేదా వైర్ల కనెక్టరు కలవదు. విప్పి బాగుచేయడం ఓపిక ఉన్నవారెవరైనా చేయగల పనే. అసలు మెలకువంతా కొనేముందు చూపించాలి.

ఇక్కడ చెప్పేది అమెరికాలో జనరల్ మోటార్స్ వారి సాగినా విభాగం తయారుచేసిన టిల్ట్ కాలమ్ గురించి, అంటే స్టీరింగ్ వీల్‌ను పైకీ కిందికీ వంచుకోగలిగే రకం. షెవర్లే, పాంటియాక్, బ్యూక్ కార్లతోపాటు ఏఎంసీ కార్లలోనూ జీపుల్లోనూ ఈ కుటుంబానికి చెందిన కాలమ్‌లు వాడారు. అందువల్ల విడిభాగాలకు కొరత లేదు. తప్పుడు కాలమ్ అంటగట్టించుకునే అవకాశానికీ కొరత లేదు.

ఏ కాలం నాటిది?

ముందు తాళంచెవి రంధ్రం కోసం చూడండి. జనరల్ మోటార్స్ 1969 మోడళ్లతో ఇగ్నిషన్ తాళాన్ని డాష్‌బోర్డు నుంచి కాలమ్ మీదికి మార్చింది. రంధ్రం ఉంటే 1969 లేదా ఆ తర్వాతిది. రంధ్రం లేకపోతే గొట్టాన్ని గమనించండి. 1967, 1968 మోడళ్లలో గొట్టంలో కొంత భాగం జల్లెడలా చిల్లులతో ఉంటుంది. గుద్దుకున్నప్పుడు ఆ భాగం నలిగి దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. 1969 నుంచి దాని బదులు ఒకదానిలో ఒకటి దూరే రెండు గొట్టాలు, వాటి మధ్య ఉక్కు గుండ్లు వచ్చాయి. 1967కు ముందు కాలమ్‌లలో ఈ రక్షణ ఏర్పాటు లేదు.

తర్వాత గేర్ లివర్ సంగతి. లివర్ దూర్చే చోటు కాలమ్ మీదే ఉంటే అది కాలమ్ షిఫ్ట్ రకం. మీ కారులో గేర్ నేల మీద ఉంటే అలాంటిదాన్ని బలవంతంగా సరిపెట్టుకోవడం వృథా శ్రమ. లైట్ల డిమ్మర్ స్విచ్ కూడా కాలమ్ మీదే ఉంటే అది 1970ల చివరిది కావచ్చు. అంతకుముందు డిమ్మర్ నేల మీద, ఎడమ కాలి దగ్గర ఉండేది.

1969, ఆ తర్వాతి వాటిలో ఇండికేటర్ వైర్ల కనెక్టరు వంపు తిరిగి ఉంటుంది. ఇందులో రెండు వెడల్పులున్నాయి: 3.875 అంగుళాలు, 4.25 అంగుళాలు. టేపు పెట్టి కొలవండి, కంటి అంచనా పనికిరాదు. కాలమ్ మొత్తం పొడవును కూడా మీ పాత కాలమ్ పక్కన పెట్టి సరిచూసుకోండి.

కొనకూడనిది ఏది?

లోపలి షాఫ్టు రెండు ముక్కలు. వాటిని కలిపి ఉంచేవి చిన్న ప్లాస్టిక్ పిన్నులు. ప్రమాదంలో ఇవి తెగితే షాఫ్టు పొట్టిదై డ్రైవరు ఛాతీ వైపు దూసుకురాకుండా ఉంటుంది. డాష్ కింద బిగించే బ్రాకెట్‌లోని క్యాప్సూళ్లకూ (గుద్దుకున్నప్పుడు జారి విడిపోయే చిన్న ముక్కలకూ) ఇలాంటి ప్లాస్టిక్ పిన్నులే ఉంటాయి. షాఫ్టును రెండు చేతులతో లాగి, నెట్టి చూడండి. కదిలితే పిన్నులు తెగినట్టే. క్యాప్సూల్ బ్రాకెట్ నుంచి జారినా, గుండ్ల గొట్టం లోపలికి కుంగినా ఆ కాలమ్ ఒకసారి ప్రమాదం చూసిందని అర్థం. ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి. వెల్డింగ్ చేసి సరిచేస్తామనేవారు ఉంటారు. వెల్డింగ్ చేసిన షాఫ్టు గుద్దుకున్నప్పుడు కుంగదు, నేరుగా ఛాతీ మీదికి వస్తుంది.

ఇందుకే సుత్తి వాడకూడదు. స్టీరింగ్ వీల్ రాకపోతే షాఫ్టు చివర కొడదామనిపిస్తుంది. ఒక్క దెబ్బకు పిన్నులు తెగిపోవచ్చు. వీల్ పుల్లర్ (వీల్‌ను మరతో మెల్లగా లాగి తీసే సాధనం) కొనండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. తీసిన కాలమ్‌ను కింద పడేయకూడదు, దాని మీద బరువు మోపకూడదు.

విప్పడం

కాలమ్ ఇంకా కారులోనే ఉంటే ముందు బ్యాటరీ కనెక్షన్ తీయండి. ఇక్కడి నుంచి వరుస 1969, ఆ తర్వాతి కాలమ్‌లకు సంబంధించినది. ప్రతి దశలో ఫోటో తీసుకోండి, స్క్రూలను విడివిడి డబ్బాల్లో పెట్టుకోండి.

1. పుల్లర్‌తో స్టీరింగ్ వీల్ తీయండి. దాని కింద లాక్ ప్లేటు (తాళం వేసినప్పుడు స్టీరింగ్ తిరగకుండా ఆపేది) స్ప్రింగు ఒత్తిడిలో ఉంటుంది. దాన్ని నొక్కి పట్టే ప్రత్యేక సాధనంతో కిందికి నొక్కి, ప్లేటును పట్టి ఉంచే రింగు తీయాలి. ఆ పాత రింగును మళ్లీ వాడకండి, కొత్తది వేయండి.

2. ఇండికేటర్ లివర్, పక్కనున్న హజార్డ్ మీట, స్విచ్‌ను పట్టుకున్న మూడు స్క్రూలు తీయండి. వైర్లను పైకి లాగేముందు కింది కనెక్టరుకు గట్టి దారం కట్టండి. కొత్త స్విచ్ వైర్లను ఆ దారమే గొట్టంలోంచి కిందికి తెస్తుంది. దీన్ని మరిచినవారికి సాయంత్రమంతా అదే పని.

3. కీ బజర్ కాంటాక్టును ముందు తీసి, ఆ తర్వాతే తాళం సిలిండర్ తీయండి. 1978 వరకు సిలిండర్‌ను పట్టుకునేది ఒక స్ప్రింగు నాలుక. సన్నటి స్క్రూడ్రైవర్‌తో దాన్ని నొక్కాలి. 1979 నుంచి స్క్రూ ఉంటుంది.

4. టిల్ట్ తలను (వంగే పై భాగాన్ని) పూర్తిగా పైకి ఎత్తండి. అలా చేస్తే లోపలి పెద్ద స్ప్రింగు మీద ఒత్తిడి తగ్గుతుంది. కింద ఉంచి తీస్తే స్ప్రింగు ముఖం మీదికి ఎగరవచ్చు, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. స్ప్రింగు మూతను స్క్రూడ్రైవర్‌తో లోపలికి నొక్కి, ఎడమవైపుకు ఎనిమిదో వంతు చుట్టు తిప్పితే ఊడివస్తుంది.

5. రెండు పక్కలా ఉన్న పివట్ పిన్నులను లాగండి. వాటి లోపల మరలుంటాయి. తగిన స్క్రూ, నట్టు, వాషరుతో ఇంట్లోనే చిన్న పుల్లర్ చేసుకోవచ్చు. తర్వాత తల భాగం విడిపోతుంది.

అసలు జబ్బు

స్టీరింగ్ వీల్ పట్టుకుంటే కాలమ్ మొత్తం ఊగుతోందని చాలామంది ఫిర్యాదు. దానికి కారణం ఎక్కువగా ఇప్పుడు కనిపించే నాలుగు బోల్టులే, అవి లూజు అవుతాయి. వీటికి మామూలు సాకెట్ పట్టదు, ఈ8 రకం బయటి టోర్క్స్ (నక్షత్రం ఆకారపు) సాకెట్ కావాలి. ఒక్కొక్కటే తీసి శుభ్రం చేసి, మధ్యస్థాయి థ్రెడ్ లాకర్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) వేసి, కారు రిపేరు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. ఊగుడు ఇంకా ఉంటే పివట్ పిన్నులనూ అవి దూరే రంధ్రాలనూ అనుమానించండి.

తిప్పినప్పుడు టక్కుమంటే, టిల్ట్ వంగేచోట పై షాఫ్టూ కింది షాఫ్టూ కలిసే దగ్గర ఉన్న ప్లాస్టిక్ గోళం అరిగి ఉండవచ్చు. పై షాఫ్టును కింది దానికి అడ్డంగా 90 డిగ్రీలు తిప్పితే అది జారి విడిపోతుంది. గోళం చవక, కొత్తది వేసేయండి. పై బేరింగులు గరగరమంటే వాటినీ మార్చండి.

తాళం తిప్పినా ఇంజన్ స్టార్టు కాకపోతే తలలోని సెక్టార్ గేరు (తాళంతోపాటు తిరిగే చిన్న పళ్ల ముక్క) చూడండి. మెత్తటి లోహంతో పోత పోసినది కాబట్టి విరుగుతుంది. బిగించేటప్పుడు ర్యాక్ (సెక్టార్ నడిపే పళ్ల కడ్డీ) మీది వెడల్పు పన్ను సెక్టార్ మీది వెడల్పు పన్నుతో కలవాలి. ఒక పన్ను తేడా వచ్చినా తాళం సరైన చోట ఆగదు.

మళ్లీ బిగించడం

పాత గ్రీజు పూర్తిగా తుడిచి తెల్ల లిథియం గ్రీజు పలచగా రాయండి. మిగతాదంతా విప్పిన వరుసకు తిరగేసి చేయడమే. బల్ల మీదే టిల్ట్ అన్ని స్థానాల్లోనూ పట్టుకుంటోందో, రెండు వైపులా తిప్పినప్పుడు ఇండికేటర్ తనంతట తాను ఆగుతోందో చూసుకోండి. కీ నడిచే స్థానంలో ఉన్నప్పుడు స్టీరింగ్ ఏ కోణంలోనూ లాక్ పడకూడదు. దీన్ని పలుమార్లు పరీక్షించకుండా కారు రోడ్డెక్కించకండి.

కారులో పెట్టేటప్పుడు బోల్టులతో లాగి కాలమ్‌ను దారికి తేవద్దు. అన్నీ లూజుగా పెట్టి, అమరిక కుదిరాక మాన్యువల్‌లోని వరుసలో బిగించండి. కింద స్టీరింగ్ బాక్సుకు కలిపే రబ్బరు జాయింటు పగుళ్లు పట్టి ఉంటే మార్చండి. కొత్త జాయింటు వేశాక హారను మోగకపోతే స్విచ్ జోలికి పోకండి. పాత జాయింటులో హారను సర్క్యూట్‌కు ఎర్త్ ఇచ్చే లోహపు తీగ ఉంటుంది, కొన్ని కొత్తవాటిలో అది ఉండదు. జాయింటు మీదుగా ఒక చిన్న మెత్తటి ఎర్త్ వైరు వేస్తే హారను మోగుతుంది.