మోడల్ కిట్‌కు పుట్టీ పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ప్లాస్టిక్ విమానం కిట్‌లో పార్టులన్నీ అతికించేసి, రంగు ఎప్పుడు వేద్దామా అని చేతులు ఆగని సమయంలో, అతుకుల సందులు పూడ్చే పుట్టీ పని వచ్చి పడుతుంది. అందుకే చాలామంది దాన్ని ఆదరాబాదరాగా కానిచ్చేస్తారు. రంగు వేసిన రోజు అంతా బాగానే ఉంటుంది. కొన్ని వారాలు పోయాక విమానం వీపు మీద, ముక్కు నుంచి తోక దాకా సన్నటి గాడి తేలుతుంది. పుట్టీ పైన ఆరింది గానీ లోపల ఆరలేదన్నమాట. నెమ్మదిగా ఆరుతూ కుంగింది, పైనున్న రంగును కూడా లోపలికి లాక్కుంది. ఆ దశలో దిద్దాలంటే అక్కడి రంగంతా గీకాల్సిందే.

కాబట్టి అసలు పుట్టీ అవసరాన్నే తగ్గించుకోవడం మొదటి జాగ్రత్త. జిగురు తీయకముందే విమానం శరీరం రెండు సగాలనూ ఉత్తినే కలిపి పట్టుకుని వెలుతురుకు ఎదురుగా చూడండి. స్ప్రూ (పార్టులు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోసిన చోట మిగిలిన మొటిమ, వంకరగా ఉన్న లోపలి పిన్ను, కాక్‌పిట్ గోడ ఒకవైపు ఎత్తుగా ఉండటం, ఇలాంటివే సగం గ్యాపులకు కారణం. వాటిని చెక్కేస్తే గ్యాప్ దానంతటదే మూసుకుంటుంది.

అతికించేటప్పుడూ కొంత పని అక్కడే అయిపోతుంది. పల్చటి సిమెంట్‌ను (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) అతుకు వెంబడి పారించి, కాసేపు ఆగి రెండు సగాలనూ గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి తీగలా పైకి ఉబుకుతుంది. చూడ్డానికి గలీజుగా ఉందని వెంటనే తుడిచేయకండి. కనీసం ఒక రోజు వదిలేసి, గట్టిపడ్డాక కత్తి అంచుతో గీకి, ఎమ్రీ పేపర్ పట్టండి. అతుకు ఎక్కడుందో మీకే దొరకదు. రెక్క మొదట్లో గోరు దూరేంత సందు ఉంటే మాత్రం పుట్టీ కుక్కవద్దు. పలుచటి ప్లాస్టిక్ షీటు ముక్కను దూర్చి సిమెంట్‌తో అతికించి, మిగిలిన వెంట్రుకవాసి సందుకే పుట్టీ వాడాలి.

ఇక ఏ పుట్టీ? ట్యూబులో వచ్చే మామూలు మోడల్ పుట్టీలో ద్రావకం ఉంటుంది. అది ఆవిరైపోతేనే పుట్టీ గట్టిపడుతుంది, అందుకే కుంగుతుంది. ఆ ద్రావకం ప్లాస్టిక్‌ను కొద్దిగా కొరుకుతుంది కాబట్టి పట్టు బాగుంటుంది. అదే గోడకు లప్పం పెట్టినట్టు మందంగా పెడితే కింది ప్లాస్టిక్ మెత్తబడి రూపు చెడుతుంది. పలుచగా పెట్టి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ పలుచగా పెట్టాలి. రెండు పూతల మధ్య ఒక రాత్రైనా పోనివ్వండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా వాసన వస్తోందా, ఆరలేదనే లెక్క.

మిల్లీపుట్ లాంటి రెండు ముద్దల ఎపాక్సీ పుట్టీ రసాయన చర్యతో గట్టిపడుతుంది, కుంగదు. పెద్ద సందులకు ఇదే మంచిది. రెండు ముద్దలూ సమానంగా తీసుకుని, చారలు కనిపించనంత దాకా పిసకాలి, లేకపోతే కొన్నిచోట్ల మెత్తగానే ఉండిపోతుంది. తడివేలితో నున్నగా దిద్దుకోవచ్చు. నీటితో కడిగే యాక్రిలిక్ పుట్టీ ప్లాస్టిక్‌కు హాని చేయదు, మిగిలింది తడి కాటన్ బడ్‌తో తుడిస్తే పోతుంది. కానీ అరగదీస్తే అంచులు పెచ్చులుగా లేస్తాయి. అరగదీయడం కుదరని మూలలకే దాన్ని దాచుకోండి.

సూపర్ గ్లూను కూడా పుట్టీలా వాడతారు, నాకు సన్నటి అతుకులకు అదే ఇష్టం. దాని మీద ప్యానెల్ లైన్ (విమానం రేకుల మధ్య అతుకును చూపే గీత) మళ్లీ గీసుకుంటే అంచు చిట్లదు. అయితే గట్టిపడిన వెంటనే అరగదీసేయాలి. మర్నాటికి అది ప్లాస్టిక్ కంటే గట్టిగా తయారవుతుంది. అప్పుడు ఎమ్రీ పేపర్ పడితే చుట్టూ ప్లాస్టిక్ అరిగి, గ్లూ గట్టులా మిగులుతుంది. ఇంకోటి, క్యానపీ (కాక్‌పిట్ మీది అద్దం మూత) దగ్గర సూపర్ గ్లూ వద్దు. దాని ఆవిరికి పారదర్శక భాగాలు తెల్లగా మంచుపట్టినట్టు అవుతాయి. అక్కడ తెల్ల ఫెవికాల్ రకం జిగురు చాలు.

పుట్టీ పెట్టేముందు అతుకుకు రెండు వైపులా మాస్కింగ్ టేప్ వేసుకోండి. పుట్టీ ఎంత తక్కువ చోట పరుచుకుంటే అంత తక్కువ అరగదీయాలి, పక్కనున్న రివెట్లు అంత భద్రం. 400 నంబరు ఎమ్రీతో మొదలుపెట్టి, 600, 1000 దాకా వెళ్లండి. నీళ్లలో ముంచి అరగదీస్తే దుమ్ము లేవదు, గీతలూ తక్కువ పడతాయి. గుండ్రటి శరీరం మీద గట్టి చెక్కకు చుట్టిన ఎమ్రీ వాడితే అతుకు దగ్గర చదును పడుతుంది, వంపుకు తగ్గట్టు వంగే స్పాంజి రకం తీసుకోండి.

గీత కనిపించిందల్లా పూడ్చేయడం కూడా పొరపాటే. ప్యానెల్ లైన్లు అసలు విమానం మీదా ఉంటాయి, కాబట్టి ముందు ఫొటోలు చూసుకోవాలి. తమాషా ఏంటంటే, రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-51 ముస్టాంగ్ రెక్క ముందు భాగంలో అతుకులనూ రివెట్లనూ ఫ్యాక్టరీలోనే పుట్టీతో పూడ్చి నున్నగా చేసేవాళ్లు, గాలి సాఫీగా పారాలని. కిట్‌లో ఆ గీతలు లోతుగా ఉంటే, అక్కడ మాత్రం పూడ్చడమే నిజానికి దగ్గర.

ఆరోగ్యం విషయంలో మాత్రం సడలింపు వద్దు. ద్రావకం ఉన్న పుట్టీ, థిన్నర్, సూపర్ గ్లూను త్వరగా గట్టిపరిచే యాక్సిలరేటర్, అన్నీ మండేవే. కిటికీ తెరిచి, గాలి మీ వెనక నుంచి బయటికి పోయేలా కూర్చోండి, దగ్గర్లో దీపం, సిగరెట్ ఉండకూడదు. దుమ్ము కోసం వేసుకునే ఎన్95 మాస్క్ ఆవిరిని ఆపదు. ఆవిరికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ద్రావకాల ఆవిరిని పట్టేసే ఫిల్టర్ డబ్బా) ఉన్న రెస్పిరేటర్ మాస్క్ కావాలి. ఎపాక్సీని ఒట్టిచేతులతో పిసికితే కొందరికి అలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే మళ్లీ వదలదు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. సూపర్ గ్లూతో పనిచేసేటప్పుడు కాటన్ గ్లవ్స్, దూది దగ్గర పెట్టుకోవద్దు. దూదికి తగిలితే గ్లూ ఒక్కసారిగా వేడెక్కి పొగ వస్తుంది, చర్మం కాలుతుంది. వేళ్లు అతుక్కుపోతే టెన్షన్ పడి లాగొద్దు, గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే అతుక్కున్న రెప్పలను బలవంతంగా విడదీయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

చివరికి బూడిద రంగు ప్రైమర్ ఒక పలుచటి పూత వేసి, టేబుల్ లైటును పక్కనుంచి ఏటవాలుగా పెట్టి చూడండి. వేలికి తగలని గాడి, పిన్నుమొన అంత బుడగ గుంట ఆ వెలుతురులో బయటపడతాయి. ఆ చిన్న గుంటలకు మళ్లీ పుట్టీ అక్కర్లేదు. మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి ప్రైమర్‌ను బ్రష్‌తో పెట్టి, ఆరాక కాటన్ బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పైపైన తుడిస్తే గుంటలో మాత్రమే మిగులుతుంది. అసిటోన్ జోలికి వెళ్లొద్దు, అది ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. మళ్లీ ప్రైమర్ వేసి, మళ్లీ అదే లైటు కింద చూసి, అప్పుడు రంగు డబ్బా తీయండి.