పాత బుల్లెట్ చక్రాలకు మళ్లీ మెరుపు తేవడం ఎలా?

రిమ్ము మీద నాలుగు తుప్పు మచ్చలు కనబడగానే చాలామంది చక్రం విప్పి, నలభై పుల్లలూ (స్పోకులు) ఊడదీసి, హైదరాబాద్ బాలానగర్ వెళ్లి క్రోమ్ ప్లేటింగ్‌కి ఇచ్చేస్తారు. ప్లేటింగ్‌కి ముందు రిమ్మును బఫింగ్ పట్టాలి. దాంతో పాత ఇనుము అరుగుతుంది, దాని మీద కంపెనీ కొట్టిన గుర్తులు చెరిగిపోతాయి. ముప్పావు వంతు క్రోమ్ నిలిచి ఉంటే పుల్లల జోలికే పోకూడదు.

కావలసినవి: వంటింటి అల్యూమినియం ఫాయిల్, బండి షాంపూ, డీజిల్, పాత టూత్‌బ్రష్‌లు, క్రోమ్ పాలిష్, వ్యాక్స్, రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా పెయింటు కింద వేసే ఎర్ర పూత), పెయింటు. రాణీగంజ్ ఒకసారి తిరిగితే చాలావరకు దొరుకుతాయి. తుడవడానికి ఉతికిన పాత పంచె గుడ్డే వాడాలి, ఇంకేదీ వద్దు.

బండికి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి చక్రాలు తీయండి. టైరు ఊడదీసేటప్పుడు పంచర్ షాపులో రాడ్డుకీ రిమ్ముకీ మధ్య పాత ట్యూబు ముక్క పెట్టించండి. డ్రమ్ములోని బ్రేకు పొడిని గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి తడిగుడ్డతోనే తుడవండి. హబ్బు, పుల్లల మీది గ్రీజు మడ్డిని డీజిల్‌తో వదిలించి షాంపూతో కడగండి.

ఇక తుప్పు. చక్రాలు పాడయ్యేది ఇక్కడే.

బాత్‌రూమ్ యాసిడ్ పోయొద్దు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, తుప్పుతో పాటు క్రోమ్‌నీ తినేస్తుంది. మొదటిసారి ఒకరి మాట విని మా నాన్న బండి వెనక రిమ్ము మీద నేనే పోశాను. క్రోమ్ పోయి కింది నికెల్ పసుపు ఛాయతో బయటపడింది. ఆ రిమ్ము మళ్లీ తెల్లగా కాలేదు. ఆ యాసిడ్ నిపుల్ (పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) మరల్లోకి దిగితే ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొన్నాళ్లకు పుల్ల అక్కడే తుప్పుపట్టి విరుగుతుంది.

ఉప్పుకాగితం, ఇనుప పీచు, డ్రిల్లుకి తగిలించే వైరు బ్రష్షు కూడా క్రోమ్ వైపు వద్దు. క్రోమ్ పొర చాలా పలచన. గీత పడిన ప్రతిచోటా వచ్చే వానాకాలం కొత్త తుప్పు మొలుస్తుంది.

ఫాయిల్‌ను అగ్గిపెట్టె అంత ముక్కగా చింపి, నలిపి, నీళ్లలో ముంచి రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి పని నెమ్మదిగా, భద్రంగా సాగుతుంది. రెండు పుల్లల మధ్య జాగా పూర్తయ్యాకే ముందుకు జరగండి. నల్లటి చిక్కని బురదలాంటిది వస్తుంది, అది రావాలి. దాన్ని తుడిచి వేలితో తడమండి. నున్నగా తగిలితే ఆపేయండి. సూదిమొనంత నల్లచుక్కలు మిగిలితే అవి క్రోమ్ లేచిపోయిన గుంటలు, ఎంత రుద్దినా పోవు, పక్కనున్న క్రోమ్ అరుగుతుంది. నీడలోనే చేయండి. మన బోరు నీళ్లు ఆరితే తెల్ల మరకలు కడతాయి, అందుకే చివరి కడుగుడు ఫిల్టర్ నీళ్లతో చేసి వెంటనే తుడవండి.

టైరు కూర్చునే లోపలి వైపు మాత్రం వైరు బ్రష్షు వాడొచ్చు. నిపుల్ రంధ్రాల చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. రేకు పెచ్చుగా లేస్తే ఆ రిమ్ము పనికిరాదు, మార్చాల్సిందే. గట్టిగా ఉంటే రెడాక్సైడ్, దానిపై పెయింటు వేసి ఒక రోజంతా ఆరనిచ్చి కొత్త రిమ్ టేపు చుట్టండి.

పుల్లలను స్పానర్‌తో ఒక్కొక్కటిగా తట్టండి. ఖంగుమనకుండా మొద్దుగా పలికినది వదులైనట్టు. దాన్ని మీరు తిప్పొద్దు, బెండు తీసేవాడికే ఇవ్వండి. ఒక్కటి బిగిస్తే చక్రం పక్కకు లాగుతుంది.

ఆఖర్న పాలిష్, దానిపై పలచగా వ్యాక్స్. వ్యాక్స్ జూన్‌కి ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి వేయాలి.