వాచీ 21.4 చూపిస్తే: రేసులో దూరం, పేస్ లెక్క తప్పకుండా

హాఫ్ మారథాన్‌లో ఫినిష్ గేటు ఇంకా మూడొందల మీటర్లు ఉండగానే చేతి వాచీ 21.1 కిలోమీటర్లు అయిపోయిందంటుంది. వెంటనే నోటికొచ్చే మాట "రూటు ఎక్కువ పెట్టేశారు". పద్ధతిగా కొలిచిన రూటైతే ఆ మాట దాదాపు ఎప్పుడూ తప్పే. తేడాలో కొంత వాచీది, కొంత మన కాళ్లది.

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. అంతర్జాతీయ పద్ధతిలో రూటుని సైకిల్‌తో కొలుస్తారు. ముందు చక్రానికి లెక్క మీటరు బిగించి, రన్నర్ పరిగెత్తగలిగిన అతి దగ్గర దారిలో, మలుపుల్లో అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కుతారు. పొరపాటున కూడా తక్కువ కాకూడదని కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున కలుపుతారు. అంటే 10కె అని రాసినచోట నిజానికి 10,010 మీటర్లు వేస్తారు. ఆ అతి దగ్గర దారి మీద మొత్తం రేసు పరిగెత్తేవాళ్లు ఎవరూ ఉండరు.

మలుపు లెక్క ఒకసారి చూడండి. యూ-టర్న్‌లో దగ్గర దారి కంటే 3 మీటర్లు బయటగా తిరిగితే సుమారు తొమ్మిదిన్నర మీటర్లు అదనం. జంక్షన్‌లో లంబకోణం మలుపుని 4 మీటర్లు బయటగా తీసుకుంటే 6 మీటర్లకి పైనే. ఇలాంటి మలుపులు ముప్పై ఉన్నాయనుకుంటే దాదాపు 190 మీటర్లు కాళ్లకే పోయాయి. ముందున్నవాళ్లని దాటడానికి కాస్త పక్కకి జరిగితే మాత్రం అంత నష్టం లేదు. 20 మీటర్ల దూరంలో 4 మీటర్లు పక్కకి వెళ్తే పెరిగేది అర మీటరు కూడా కాదు. కాబట్టి జనంలో దూరిపోవడం కంటే తర్వాతి మలుపు ఎటో ముందే చూసి, ఆ వైపుకి ఏటవాలుగా వెళ్లడం మేలు. ట్రాఫిక్ ఆపని రోడ్డైతే ఈ ముచ్చట వదిలేసి కోన్ల లోపలే ఉండండి.

మన జిల్లాల్లో జరిగే చిన్న రన్‌లు వేరు. కొన్నిచోట్ల బండి మీటరుతోనో ఫోన్ మ్యాప్‌తోనో రూటు వేసేస్తారు. అక్కడ రూటే తప్పు కావచ్చు. పోల్చుకోవడం సులువు: వాచీలు రేసులో సాధారణంగా ఎక్కువే చూపిస్తాయి. పది మంది వాచీలూ 10కెకి 9.6 దగ్గరే ఆగాయంటే రూటు తక్కువ. అన్నీ 10.05 నుంచి 10.2 మధ్య ఉన్నాయంటే రూటుని అనుమానించక్కర్లేదు.

వాచీ ఎందుకు తప్పుతుంది? ఆకాశం పూర్తిగా కనిపించినా జీపీఎస్ చెప్పే చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. తిన్నటి రోడ్డు మీద ఆ ఊగుడంతా దూరంలో కలిసి లెక్క పెరుగుతుంది. చుక్కలు దూరం దూరంగా నమోదయ్యే సెట్టింగ్‌లో మలుపులు కోసుకుపోయి తగ్గుతుంది. ఎత్తైన గోడలకి తగిలి వచ్చే సిగ్నల్ ఆలస్యంగా చేరి చోటునే జరిపేస్తుంది. విజయనగరంలో కోట గోడ పక్కనుంచి, మూడు లాంతర్ల చుట్టుపక్కల బజారుల్లోంచి వెళ్తే సగం ఆకాశం మూసుకుపోయినట్టే. ఉద్దానం కొబ్బరి తోటల మధ్య దారీ, ఒత్తుగా పెరిగిన సరుగుడు తోపుల పక్కదారీ అంతే, తడి ఆకు సిగ్నల్‌ని ఇంకా మింగేస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో సముద్రం వైపు ఆకాశం తెరిచే ఉంటుంది కాబట్టి అక్కడ వాచీ కాస్త బుద్ధిగా ఉంటుంది.

రేసు ముందు రోజు రాత్రే వాచీని ఫోన్‌తో సింక్ చేయండి. ఉపగ్రహాలు రేపు ఎక్కడుంటాయో ఆ సమాచారం అప్పుడే దిగుతుంది. లేకపోతే ఒక్కో ఉపగ్రహం నుంచి దాని కక్ష్య వివరాలు అందుకోవడానికే అర నిమిషం పడుతుంది, మధ్యలో సిగ్నల్ తెగితే మళ్లీ మొదలు. సెట్టింగ్స్‌లో ఆటో పాజ్ ఆపేయండి. నీళ్ల టేబుల్ దగ్గర నడిచినప్పుడల్లా అది టైమ్ ఆపేసి, చివర్లో మీ టైమ్ అధికారిక టైమ్ కంటే తక్కువ చూపిస్తుంది. రికార్డింగ్ ప్రతి సెకనుకి ఉండాలి. డ్యూయల్ బ్యాండ్ (రెండు ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ అందుకునే సెట్టింగ్) ఉంటే అదే పెట్టండి, చార్జింగ్ త్వరగా అయిపోయినా హాఫ్‌కి సరిపోతుంది. స్టార్ట్ గేటు ఆర్చీ కింద నిలబడి జీపీఎస్ పట్టుకోకండి. పది నిమిషాల ముందు ఖాళీ చోట పట్టుకుని, "రెడీ" అన్నాక కూడా ఒకటి రెండు నిమిషాలు ఆగి, అప్పుడు గుంపులోకి వెళ్లండి.

ఫోన్‌తో పరిగెత్తేవాళ్లకి దెబ్బ ఇంకోచోట తగులుతుంది. స్క్రీన్ ఆగిన కాసేపటికి బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు యాప్‌ని నిద్రపుచ్చుతుంది, మ్యాప్‌లో చూస్తే ఇళ్ల మీదుగా తిన్నగా గీత. యాప్ బ్యాటరీ సెట్టింగ్‌లో "అన్‌రిస్ట్రిక్టెడ్" ఎంచుకుని, ఒక ఉదయం స్క్రీన్ ఆపి నాలుగైదు కిలోమీటర్లు పరిగెత్తి చూసుకోండి. కొన్ని చవక వాచీల్లో జీపీఎస్ ఉండదు, ఫోన్‌దే వాడుకుంటాయి. అలాంటిది కట్టుకుని ఫోన్ ఇంట్లో వదిలేస్తే దూరాన్ని చేయి ఊపు బట్టి ఊహిస్తుంది. చేతిలో నీళ్ల సీసా ఉంటే ఆ ఊహ కూడా పోయినట్టే.

స్క్రీన్ మీద మూడే చాలు: మొత్తం టైమ్, ల్యాప్ పేస్, ల్యాప్ దూరం. పేస్ అంటే కిలోమీటరుకి పట్టే సమయం, ల్యాప్ అంటే వాచీ విడిగా లెక్కపెట్టే ఒక్కో ముక్క. ఈ క్షణం పేస్ తీసేయండి. 6:00 పేస్ అంటే సెకనుకి 2.8 మీటర్లు కూడా కాదు, చోటే మూడు మీటర్లు ఊగుతుంటే ఆ అంకె 5:30కీ 6:30కీ మధ్య గంతులేయడంలో వింతేముంది? దాన్ని చూసి వేగం పెంచి తగ్గించినవాళ్లకి పదిహేనో కిలోమీటరుకే కాళ్లు బరువెక్కుతాయి.

అన్నిటికంటే పనికొచ్చే మార్పు ఇది. ఆటో ల్యాప్ ఆపేసి, రోడ్డు పక్కన కిలోమీటరు బోర్డు దాటిన ప్రతిసారీ ల్యాప్ బటన్ మీరే నొక్కండి. ఆటో ల్యాప్ వాచీ లెక్కలోని కిలోమీటరుకి మోగుతుంది. బోర్డుకీ దానికీ తేడా ఒక్కో కిలోమీటరుకి పది పదిహేను మీటర్లు పెరుగుతూ పోయి చివరికి రెండు మూడొందలవుతుంది. చేత్తో నొక్కితే తేడా ప్రతి బోర్డు దగ్గరా సున్నాకి వస్తుంది. చెమటకి టచ్ స్క్రీన్ మాట వినదు, బటన్ ఉన్న వాచీ అయితేనే ఈ పని సాఫీ. స్టార్ట్ కూడా గన్ పేలినప్పుడు కాదు, చిప్ మ్యాట్ (స్టార్ట్ గీత దగ్గర మీ టైమింగ్ చిప్‌ని చదివే మ్యాట్) మీద కాలు పెట్టినప్పుడు నొక్కండి.

బోర్డులూ తప్పుతాయి. వాలంటీర్లు కరెంటు స్తంభం దొరికినచోట కట్టేస్తారు. ఒక కిలోమీటరు 5:15, తర్వాతిది 6:10 వస్తే మీ కాళ్లలో ఏమీ మారలేదు, మధ్య బోర్డు స్టార్ట్ వైపుకి జరిగింది. అందుకని ఒక్క కిలోమీటరు చూసి నిర్ణయించుకోకుండా అయిదు కిలోమీటర్లకోసారి మొత్తం టైమ్ చూడండి. రెండు గంటల్లోపు హాఫ్ కావాలంటే 5:40 పేస్‌కి అంకెలు ఇవి: 5 కి.మీ. 28:20, 10 కి.మీ. 56:40, 15 కి.మీ. 1:25:00, 20 కి.మీ. 1:53:20, ఫినిష్ 1:59:33. చిన్న కాగితం ముక్క మీద బాల్‌పెన్నుతో పెద్దగా రాసి, రెండు వైపులా వెడల్పు సెల్లోటేపు అంటించి, మణికట్టు లోపలి వైపు చుట్టుకోండి. టేపు అంచు కాగితం కంటే అర సెంటీమీటరు బయటికి ఉండాలి. లేదంటే మన తీరం ఉక్కపోతకి చెమట అంచులోంచి దిగి, పదో కిలోమీటరుకే అంకెలు అలుక్కుపోతాయి.

వాచీని పరీక్షించుకోవడానికి సొంతంగా కొలిచిన కిలోమీటరు ఒకటి ఉండాలి. 400 మీటర్ల ట్రాక్ దొరికితే మొదటి లేన్‌లో రెండున్నర రౌండ్లు. రెండో లేన్‌లో తిరిగితే ఒక్కో రౌండుకి ఏడు మీటర్లకి పైగా తేడా వస్తుంది. హైవే కిలోమీటరు రాళ్ల మీద ఆధారపడకండి, రోడ్డు వెడల్పు చేసి మలుపులు సరిచేసిన చోట రాయికీ రాయికీ మధ్య సరిగ్గా వెయ్యి మీటర్లు ఉండాలని లేదు. ట్రాక్ లేకపోతే సైకిల్ చాలు. కళింగపట్నం వైపు గానీ అరసవల్లి వైపు గానీ బండ్లు తక్కువ తిరిగే తిన్నటి ముక్క చూసుకుని, తెల్లవారగానే ఇద్దరు వెళ్లండి. 30 మీటర్ల స్టీలు టేపుని బిగువుగా లాగి పదిసార్లు పరిస్తే 300 మీటర్లు. గుడ్డ టేపు సాగుతుంది, వద్దు. ముందు చక్రం గాలి నాజిల్ కిందికి వచ్చేలా మొదటి గీత మీద పెట్టి, సైకిల్ తోసుకుంటూ చుట్లు లెక్కపెట్టండి. మిగిలిన ముక్కని స్పోకులతో లెక్కించండి. 32 స్పోకుల చక్రంలో ఒక్కో స్పోకు దాదాపు ఆరున్నర సెంటీమీటర్లు.

300 మీటర్లకి 144 చుట్లు, 16 స్పోకులు వచ్చాయనుకుందాం, అంటే 144.5 చుట్లు. కిలోమీటరుకి 481 చుట్లు, 21 స్పోకులు. అంత తోసి గీత గీయండి. కొలత తోస్తూ తీశారు కాబట్టి కిలోమీటరు కూడా తోస్తూనే వేయాలి, ఎక్కి తొక్కితే బరువుకి టైరు నొక్కుకుపోయి చుట్టు చిన్నదవుతుంది. పని అయ్యాక 300 మీటర్లు మళ్లీ తోసి చూడండి. ఈలోపు ఎండెక్కి టైరులో గాలి వేడెక్కితే చక్రం కాస్త పెద్దదై చుట్లు తగ్గుతాయి. రెండు లెక్కల సగటు తీసుకుని గీత సరిచేయండి.

ఫుట్ పాడ్ (బూటుకి తగిలించుకుంటే అడుగుల బట్టి దూరం చెప్పే సెన్సర్) వాడేవాళ్లకీ ఈ కిలోమీటరే ఆధారం. అది 981 మీటర్లు చూపిస్తే 1000ని 981తో భాగించి, 100తో గుణించి, 100 ఉన్న కాలిబ్రేషన్ అంకెని 101.9గా మార్చండి. ఆ పరుగు రేసు వేగంలోనే, రేసు బూట్లతోనే ఉండాలి. అడుగు పొడవు మారితే అంకె పనికిరాదు.

బోర్డులు లేని రేసు తగిలితే పాత రేసు లెక్క ఆదుకుంటుంది. కొలిచిన హాఫ్‌లో మీ వాచీ 21.35 చూపించిందంటే ఎక్కువ 1.2 శాతం. రెండు గంటలకి నిజమైన పేస్ 5:41 కావాలి, వాచీలో మాత్రం 5:37 కనిపించాలి. కిలోమీటరుకి ఆ నాలుగు సెకన్లు ముందే తీసి పెట్టుకోకపోతే ఫినిష్ దగ్గర గడియారం 2:01 దాటుతుంది. ఈ శాతం బీచ్ రోడ్డుకి ఒకటి, తోటల దారికి ఇంకొకటి, విడివిడిగా రాసుకోండి.