మాట లోతు – 6వ పాఠం: కడుపా, పొట్టా?

ముందుగా, ‘నోరు చేసుకోవడం’, ‘నోరు కట్టుకోవడం’ అన్న వాడుకల్లో నోరు వేటికి గుర్తని పోయిన పాఠంలో అడిగిన అభ్యాసం సరిచూసుకుందాం. ‘నోరు చేసుకోవడం’ అంటే కేకలు వేస్తూ తగవుకు దిగడం. ‘నోరు కట్టుకోవడం’ అంటే తినాలని ఉన్నా మానుకోవడం. మొదటిదానిలో నోరు మాటకు గుర్తు, రెండోదానిలో తిండికి. ఈ తేడా పట్టుకున్నవారు ఈ పాఠానికి సిద్ధమైనట్లే.

ఈసారి ఒకటి కాదు, రెండు మాటలు. కడుపు, పొట్ట. చాలామంది రెండింటికీ ఒకే అర్థం రాసుకొని ఊరుకుంటారు. ‘కడుపు నిండింది’, ‘పొట్ట నిండింది’ అన్నప్పుడు తేడా కనిపించదు, నిజమే. కానీ ఒక్క వాక్యం చూసి తీర్పు చెప్పకూడదు. నోటుపుస్తకంలో రెండు గళ్ళు గీయండి. మీ ఇంట్లో వినిపించే ఒక్కో వాడుకనూ రాసి, ఒక మాట తీసి రెండోది పెట్టి పైకి చదవండి. వాక్యం నిలిచిందా, కూలిందా, నిలిచినా అర్థం మారిందా? జవాబు పక్కనే రాసుకోండి.

‘ఆమె కడుపుతో ఉంది.’ మార్చి చదవండి: ‘ఆమె పొట్టతో ఉంది.’ మొదటిది ఇంటిల్లిపాదికీ శుభవార్త, రెండోది ఎవరి నోటా రాదు. కడుపు పండడం, కడుపుతీపి, కడుపుకోత – వీటిలో ఒక్కటీ పొట్టకు లొంగదు. దేవుణ్ణి కొలవని చేతులతో, దయా సత్యమూ తలవని మనసుతో పుట్టడమెందుకని అడుగుతూ పోతన ‘కలుగనేటికి దల్లుల కడుపుచేటు’ అన్నాడు. అక్కడ కడుపంటే బిడ్డను మోసిన గర్భం. సంస్కృతం కూడా ఇదే దారిన నడిచింది. ‘సహోదరుడు’లో దాగి ఉన్నది ఉదరమే, ఒకే కడుపున పుట్టినవాడని.

మండుటెండలో ఎవరైనా చల్ల అందిస్తే మా అమ్మమ్మ గుక్క తిప్పుకోకుండా సగం తాగేది. కొంగుతో మూతి తుడుచుకొని, గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, ‘నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ’ అనేది. చల్లబడింది అమ్మమ్మ కడుపు, దీవెన అందింది చల్ల ఇచ్చినామె పిల్లలకు. ఆ చిన్న వాక్యంలో ఆకలీ సంతానమూ ఒకే మాటలో ఒదిగాయని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

ఇక పొట్ట. ఇది బతుకుతెరువు వైపు మొగ్గుతుంది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పనులు వెతుక్కుంటూ వెళ్ళినవారిని ‘పొట్ట చేతపట్టుకొని పోయారు’ అంటాం. అక్కడ కడుపు పెట్టి చూడండి, నొప్పితో మెలికలు తిరుగుతున్నారేమో అనిపిస్తుంది. పొట్టకూడు, పొట్ట పోసుకోవడం కూడా ఈ గడిలోవే. ‘పొట్ట కొట్టడం’ దగ్గర మాత్రం ఆగండి. ‘కడుపు కొట్టడం’ అనేవారూ ఉన్నారు కాబట్టి దాన్ని రెండు గళ్ళలోనూ రాయాలి.

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట ఇది. ‘పిల్లవాడు తెలియక చేశాడు, కడుపులో పెట్టుకోండి.’ ‘ఆ మాయదారి జ్వరం ఊళ్ళో పదిమందిని పొట్టన పెట్టుకుంది.’ క్రియ ఒకటే, పెట్టుకోవడం. కడుపులో పెట్టుకుంటే క్షమించి దాచుకోవడం, పొట్టన పెట్టుకుంటే మింగేయడం. ఇది ‘లో’, ‘న’ ప్రత్యయాల తేడా అని మీకు అనుమానం రావచ్చు, రావాలి కూడా. ‘కడుపున పుట్టిన బిడ్డ’ అని చూడండి. ‘న’ ఉన్నా అక్కడ మింగడమన్న ఛాయ లేదు. కాబట్టి ఆ పని చేస్తున్నది పొట్టే.

అయితే పొట్టకు గర్భమన్న అర్థం బొత్తిగా లేదని రాసుకోకండి, వరిచేను ఒప్పుకోదు. వెన్ను, అంటే కంకి, బయటికి రాకముందు పై ఆకు తొడుగులోనే పెరుగుతూ ఉంటుంది. అప్పుడు ‘చేను పొట్టమీద ఉంది’ అంటారు రైతులు. ఆ పిలకను రెండు వేళ్ళ మధ్య నొక్కితే ఉబ్బు తగులుతుంది. తొడుగు చీల్చి చూస్తే లేత వెన్ను మెత్తగా, పాలిపోయిన ఆకుపచ్చగా మడతపడి ఉంటుంది. మేడిపండు గురించి వేమన చెప్పిన ‘పొట్ట విప్పి చూడ పురుగులుండు’ కూడా ఈ లోపలితనం గురించే.

ఈ మాట పుట్టుక విషయానికి వస్తే, కన్నడంలో పొట్టను ‘హొట్టె’ అంటారు. పాలు–హాలు, పులి–హులి, పాము–హావు, పది–హత్తు. తెలుగులో ‘ప’ ఉన్నచోట కన్నడంలో వరుసగా ‘హ’ వస్తోంది. పాత కన్నడంలో ఈ మాటలకూ మొదట ‘ప’యే ఉండేది. ఇలా వరుస కుదిరినప్పుడే రెండు మాటలు చుట్టాలని నమ్మాలి. పొట్టి, పొట్టు, పొట్టేలు చెవికి దగ్గరగా వినిపిస్తాయని పొట్టకు చుట్టరికం కలిపేయకండి. ద్రావిడ మాటల చుట్టరికాలకు బరో, ఎమెనోల నిఘంటువు (1961, రెండవ కూర్పు 1984) దగ్గర పెట్టుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

అభ్యాసం: ‘కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది’, ‘కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా’ – ఈ రెండు సామెతల్లో కడుపు వేటికి గుర్తో చెరో వాక్యంలో రాయండి. తరువాత ‘పొట్ట కోస్తే అక్షరం ముక్క రాదు’ అన్న వాడుకను ‘నిరక్షరకుక్షి’ పక్కన పెట్టండి. కుక్షి అంటే కడుపే. మరి తెలుగులో ఇక్కడ కడుపు కాకుండా పొట్ట ఎందుకు కుదురుకుందో ఆలోచించండి. 7వ పాఠం ‘గుండె’. దానికి ఈ రెండు గళ్ళ పుస్తకమే మళ్ళీ కావాలి.