ఫీజు తీసుకోని కేసు: విశాఖలో కొత్త లాయర్లు తెలుసుకోవాల్సిన పద్ధతి

ఉచితంగా చేపట్టిన కేసు చెడిందంటే, చాలాసార్లు అది కోర్టు హాల్లో చెడదు. కాగితాలు అందుకున్న రోజే బల్ల దగ్గర చెడుతుంది. గడువు చూడరు, ఖర్చులెవరివో తేల్చరు, ఎంతవరకు చేస్తారో చెప్పరు.

లాయరు తన ఆర్థిక స్తోమత మేరకు నిరుపేదలకు ఉచితంగా సాయపడటం వృత్తిధర్మమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతాయి, కానీ ఎన్ని గంటలో చెప్పవు. న్యూయార్క్‌లోనైతే బార్‌లో చేరాలంటేనే 50 గంటల ఉచిత సేవ చేసి ఉండాలి. ఇక్కడ లెక్క మనమే పెట్టుకోవాలి. కొత్తవాళ్లు ఒకేసారి రెండు కేసులకు మించకపోవడం మంచిది. మొహమాటానికి పది తీసుకుని వాయిదాలకు వెళ్లకపోతే, డబ్బు తీసుకుని ఎగ్గొట్టినదానికంటే ఎక్కువ నష్టం చేసినట్టే. ఉచితం కదా అని క్లయింటు నోరెత్తి అడగలేరు.

మీరు ఫీజు వదులుకున్నా కోర్టు ఫీజు, బత్తా (సమన్లు పంపడానికి కట్టే రుసుము), సర్టిఫైడ్ కాపీల ఖర్చు మిగిలే ఉంటుంది. అందుకే మొదట ప్రభుత్వ ఉచిత న్యాయసాయం ఎవరికి దొరుకుతుందో చెప్పే లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987లోని సెక్షన్ 12 చూడండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయ పరిమితి లేదు. పారిశ్రామిక విపత్తు బాధితులూ ఇందులోకే వస్తారు. 2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి పీల్చినవాళ్లు ఈ కోవలోకి వచ్చినవాళ్లే. మిగతావారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది ఆదాయం 3 లక్షల లోపుండాలి. ఆదాయానికి అఫిడవిట్ చాలని సెక్షన్ 13 చెబుతోంది, కాబట్టి క్లయింటును ముందే ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిప్పొద్దు. అర్హులైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టించండి, ఆ ఖర్చులు సంస్థ భరిస్తుంది. ఫోనులో సలహాకు 15100 ఉంది. ఫీజు లేకుండా చేసే లాయర్లు కేంద్ర న్యాయశాఖ ‘న్యాయబంధు’లో పేరు నమోదు చేసుకోవచ్చు. సెక్షన్ 12లోకి రాకపోయినా కోర్టు ఫీజు కట్టలేని స్థితిలో ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 33 కింద నిర్ధన వ్యక్తిగా దావా వేయవచ్చు.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. జాలరిపేట నుంచి ఒకావిడ పాలిథిన్ సంచి నిండా కాగితాలు తెచ్చిందనుకోండి. కథ వినేముందు సంచి బల్లమీద పరిచి, ప్రతి కాగితం మీద తేదీ చూడండి. “అమ్మా, ఈ నోటీసు ఏ కవర్లో వచ్చింది? ఆ కవరుందా?” అని అడగండి. చాలామంది కవరు పారేస్తారు. అప్పుకు హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కు బౌన్సై నోటీసొస్తే, అది చేతికందిన రోజునుంచి డబ్బు కట్టడానికి 15 రోజులే. ఆ రోజు ఏదో చెప్పేది పోస్టల్ ముద్ర, ట్రాకింగ్ నంబరే. ప్రతి కాగితాన్నీ ఫొటో తీసి, అసళ్లు వెంటనే తిరిగిచ్చేయండి. ఏదైనా ఉంచుకోవాల్సి వస్తే రసీదు రాసివ్వండి.

తేదీలు చూశాక ఫైలు అట్టమీద చివరి గడువు ఎర్రసిరాతో రాయండి. సమన్లు అందాక రిటన్ స్టేట్‌మెంటుకు (దావాకు ఇచ్చే లిఖిత జవాబుకు) 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 వరకు. ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది రాకుండానే ఇచ్చిన తీర్పు) రద్దుకు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజునుంచి లెక్క. మోటారు ప్రమాద పరిహారానికి చట్టంలో రాసింది 6 నెలలు. గడువు మూడు రోజులే ఉండి, చేయగలమన్న నమ్మకం లేకపోతే అప్పుడే చెప్పి వేరే లాయరు దగ్గరికి పంపండి. వారం ఆగి చెబితే దారి మూసినట్టే.

వకాలత్ (కేసు నడపడానికి లాయరుకిచ్చే అధికారపత్రం) మీద సంతకం పెట్టించేముందు ఒక పేజీ తెలుగులో రాసి చదివి వినిపించండి: ఈ కేసు ఈ కోర్టు వరకే, అప్పీలు ఇందులో లేదు, ఏ ఖర్చు ఎవరిది, ఏ వాయిదాకు క్లయింటు తప్పక రావాలి. సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ కోర్టు ఇచ్చే ప్రత్యేక నంబరు) కూడా రాసిస్తే వాయిదా తేదీ ఈ-కోర్ట్స్ యాప్‌లో పిల్లలచేత చూపించుకుంటారు. సివిల్ కేసులో వకాలత్ ఇచ్చాక కోర్టు అనుమతి లేకుండా తప్పుకోవడం కుదరదని గుర్తుంచుకోండి.

అడవివరం జైల్లోని ఖైదీల పనికి న్యాయసేవాధికార సంస్థ ద్వారానే వెళ్లండి. అక్కడ అసలు పని రోజుల లెక్క చూడటం. ఛార్జిషీటు 60 లేదా 90 రోజుల్లో పడకపోతే బెయిలు హక్కు పుడుతుంది. కానీ ఛార్జిషీటు పడేలోపే దరఖాస్తు వేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ హక్కు పోతుంది. బెయిలు వచ్చినా జామీను దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లుంటారు. అలాంటివారి వివరాలు ఏడు రోజులు దాటితే సంస్థ కార్యదర్శికి జైలు సూపరింటెండెంట్ తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగి చూడండి, షరతులు సడలించమని దరఖాస్తు వేయండి.

పాడేరు వైపు నుంచి భూమి తగాదాతో వచ్చే గిరిజనుల విషయం వేరు. గిరిజన ప్రాంత భూబదలాయింపు కేసులు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర నడుస్తాయి. తెలియక సివిల్ కోర్టులో వేస్తే ఏళ్లు పోతాయి. భాష అర్థంకాకపోతే ఎదుటి పార్టీకి చుట్టమైన దుబాసీని మాత్రం పెట్టుకోవద్దు.

తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కాపీ తీసుకోవడానికి పట్టిన రోజులు అప్పీలు గడువులో లెక్కకు రావు, కానీ దరఖాస్తుకు ముందు పోగొట్టుకున్న రోజులు తిరిగి రావు. సివిల్ అప్పీలైతే జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90. ఆ చివరి తేదీ కాగితం మీద రాసి క్లయింటు చేతిలో పెట్టండి. అప్పీలు మీరు చేయలేకపోతే ఆ మాటా అదే కాగితం మీద రాయండి.