రక్త పరీక్షల రిపోర్టు చదవడం – 4వ పాఠం: రక్త క్యాన్సర్‌లో కొలెస్ట్రాల్ అంకెలు

గత పాఠంలో లిపిడ్ ప్రొఫైల్‌లోని (రక్తంలోని కొవ్వుల పరీక్షలోని) అంకెలను విడివిడిగా గుర్తించడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో అవే అంకెలను రక్త క్యాన్సర్ ఉన్న వ్యక్తి రిపోర్టులో ఎలా చదవాలో చూద్దాము. గుండె జబ్బుల భయంతో మనకు అలవాటైన లెక్క ఒకటుంది: కొలెస్ట్రాల్ తగ్గితే మంచిది. లుకేమియా, లింఫోమా, మల్టిపుల్ మైలోమా వంటి రక్త క్యాన్సర్లలో ఆ లెక్కను పక్కన పెట్టాలి.

కణం విభజన చెందాలంటే కొత్త పైపొర కావాలి, ఆ పొరకు కొలెస్ట్రాల్ కావాలి. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోస్తూ తిరిగే ఎల్‌డీఎల్ రేణువులను కణాలు తమ ఉపరితలం మీది రిసెప్టర్లతో (పట్టుకునే ప్రొటీన్లతో) పట్టి లోపలికి తీసుకుంటాయని అమెరికాలోని డాలస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ కనుగొన్నారు. అందుకు 1985లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఆ దశాబ్దంలోనే స్వీడన్ పరిశోధకులు లుకేమియా రోగుల తెల్ల రక్తకణాలను పరిశీలించి, చాలామందిలో అవి ఆరోగ్యవంతుల కణాల కంటే ఎక్కువ ఎల్‌డీఎల్‌ను లాక్కుంటున్నాయనీ, చికిత్సతో ఆ కణాలు తగ్గినప్పుడు రక్తంలో కొలెస్ట్రాల్ మళ్ళీ పెరుగుతోందనీ చూపారు. అంటే అక్కడ కొలెస్ట్రాల్ తగ్గుదల జబ్బుకు కారణం కాదు, జబ్బు చేసిన పని.

ఈ తేడా గ్రహించడానికి తేదీలు చూడడం అలవాటు చేసుకోవాలి. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులను ఏళ్ళ తరబడి గమనించిన ఒక అధ్యయనంలో, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అని పిలిచేది) తక్కువగా ఉన్నవారిలో నాన్‌హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫోమాలో ఒక రకం) ఎక్కువగా కనిపించింది. కానీ ఆ సంబంధం మొదటి 10 ఏళ్ళలో బయటపడిన కేసులకే పరిమితమై, ఆ తర్వాతి కేసుల్లో కనిపించలేదు. తక్కువ హెచ్‌డీఎల్ లింఫోమాను తెచ్చిపెట్టేదైతే ఆ సంబంధం తర్వాత కూడా కొనసాగాలి కదా. బయటపడకముందే లోపల మొదలైన జబ్బు అంకెను కిందికి లాగిందనడమే దీనికి సబబైన వివరణ. నెయ్యి తిన్నందుకే ఈ జబ్బు వచ్చిందేమోనని కుమిలిపోయే కుటుంబాలకు ఈ ఒక్క విషయం ఓపికగా చెప్పగలిగితే, ఈ పాఠానికి పడిన శ్రమ నాకు దక్కినట్టే.

ఇప్పుడు అభ్యాసం. అంకెలు పాఠం కోసం కల్పించినవి. అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాములలో ఉన్నాయి. చికిత్సకు ముందు మొత్తం కొలెస్ట్రాల్ 118, హెచ్‌డీఎల్ 19, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 210. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించగా వచ్చిన 42నూ, హెచ్‌డీఎల్ 19నీ మొత్తంలోంచి తీసివేస్తే ఎల్‌డీఎల్ 57. జబ్బు అదుపులోకి వచ్చాక మొత్తం 172, హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్లు 130. ఇదే పద్ధతిలో ఎల్‌డీఎల్ 105. ఎల్‌డీఎల్ 57 నుంచి 105కు పెరిగిందని ఇంట్లో కంగారు పడవచ్చు. పక్కనే కంప్లీట్ బ్లడ్ కౌంట్ రిపోర్టు పెట్టుకుని చూడండి: హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, తెల్ల కణాల సంఖ్య మామూలు స్థాయికి వస్తూ ఉంటే, ఈ పెరుగుదల శరీరం కోలుకోవడంలో భాగమై ఉండే అవకాశమే ఎక్కువ.

దీన్ని తిరగేసి చదవకూడదు. కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్నంత మాత్రాన రక్త క్యాన్సర్ అని అనుమానించడం తప్పు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు, థైరాయిడ్ అతిగా పనిచేయడం, కాలేయ జబ్బు, పోషకాహార లోపం కూడా ఆ అంకెను తగ్గిస్తాయి. జబ్బు నిర్ధారణ ఎముక మజ్జ పరీక్ష, బయాప్సీ వంటి వాటితోనే జరుగుతుంది. మైలోమాలో ఇంకో చిక్కుంది: ఆ జబ్బులో రక్తంలో చేరే అసాధారణ ప్రొటీన్ కొన్ని యంత్రాల కొలతకే అడ్డుపడి, హెచ్‌డీఎల్‌ను ఉన్నదానికంటే బాగా తక్కువగా చూపించవచ్చు. అంకె నమ్మశక్యం కానంత తక్కువగా ఉంటే, వేరే పద్ధతిలో మళ్ళీ పరీక్షించమని డాక్టరుగారిని అడగడంలో తప్పు లేదు.

వచ్చే పాఠానికి ఒక లెక్క. లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు (లుకేమియాలో ఒక రకానికి) ఆస్పరాజినేజ్ అనే మందు, స్టీరాయిడ్లు తీసుకుంటున్న బాలుడి రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 240, హెచ్‌డీఎల్ 30, ట్రైగ్లిజరైడ్లు 900 అని ఉందనుకోండి. మన సూత్రం ప్రకారం ఎల్‌డీఎల్ 30 వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటాక ఆ సూత్రం చెల్లదు. ఎందుకు చెల్లదో, ఆ మందులకూ 900 అనే అంకెకూ ఉన్న సంబంధమేమిటో ఆలోచించి రాసి ఉంచుకోండి. అక్కడి నుంచే 5వ పాఠం మొదలుపెడదాము.