పాత డెస్క్‌టాప్‌కి ర్యామ్ పెంచుకోవడం ఎలా?

తిరుపతి నెట్ సెంటర్లలో, డీటీపీ షాపుల్లో ఇప్పటికీ 2012 నాటి డెస్క్‌టాప్‌లు కనిపిస్తూనే ఉంటాయి. మూడొందల దర్శనం టికెట్లు వదిలే రోజు బ్రౌజర్లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, మౌస్ కూడా కదలదు. ఇలాంటి వాటికి చాలాసార్లు కొత్త సిస్టం అక్కర్లేదు, 4 జీబీ ర్యామ్‌ని 8 చేస్తే సరిపోతుంది.

ముందు టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ చూడండి. విండోస్ 8 లేదా ఆ తర్వాతిదైతే ఎంత ర్యామ్ ఉంది, స్పీడెంత, ఎన్ని స్లాట్లు (ర్యామ్ గుచ్చే గాడులు) నిండాయో అక్కడే తెలుస్తుంది. విండోస్ 32 బిట్ అయితే 4 జీబీకి మించి వేసినా దండగే.

ఆ కాలం మదర్‌బోర్డులు ఎక్కువగా డీడీఆర్3 రకం ర్యామ్‌వి. ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ ఉన్న బోర్డయితే సాధారణంగా రెండు స్లాట్లు, 16 జీబీ దాకా తీసుకుంటుంది. అంతకంటే పాత జీ41 చిప్‌సెట్ బోర్డుతో జాగ్రత్త: ఒకవైపే ఎనిమిది చిప్పులున్న 4 జీబీ ర్యామ్ దానికి పడదు, రెండువైపులా కలిపి పదహారు ఉండాలి. 'ఏఎమ్‌డీకి మాత్రమే' అని చవగ్గా అమ్మేది ఇంటెల్ బోర్డుకి కొనకండి. పాత ర్యామ్ వెంట తీసుకుని షాపుకెళ్లండి, ఈ గొడవలన్నీ తప్పుతాయి.

ఒకే కంపెనీ, ఒకే స్పీడు, రెండు 4 జీబీలు. నా లెక్కలో ఇంకో పద్ధతి లేదు. ఒకే 8 జీబీ వేస్తే తర్వాత పెంచుకోవచ్చంటారు, ఈ పాత సిస్టమ్‌కి ఇంకా ఏం పెంచుతారు? జతగా వేస్తే డ్యూయల్ ఛానల్ వస్తుంది, అంటే రెండు ర్యామ్‌లూ ఒకేసారి పనిచేస్తాయి. వేర్వేరు స్పీడ్‌లవి కలిపితే రెండూ నెమ్మదిదాని స్పీడుకే నడుస్తాయి.

స్టార్ స్క్రూడ్రైవర్, పొడి బ్రష్, తెల్ల రబ్బరు చాలు. కరెంటు వైరు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, మూత తీసి, దుమ్ము దులపండి.

అసలు పని ఇక్కడుంది. సీపీయూని నిలబెట్టి ర్యామ్ గుచ్చొద్దు. పడుకోబెట్టండి, అప్పుడే బలం నిటారుగా పడుతుంది. డబ్బా లోపలి ఇనుము ముట్టుకున్నాకే ర్యామ్ పట్టుకోండి, అదీ అంచుల్లోనే. బంగారు రంగు పిన్నులకు వేళ్లు తగలకూడదు. పాతదాని పిన్నులు నల్లబడి ఉంటే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి స్లాట్లో రాలకుండా బయటే దులిపేయండి.

ర్యామ్ అడుగున గాటు ఉంటుంది, అది నడిమధ్యలో ఉండదు. స్లాట్లోని అడ్డుగోడతో అది కలిసిందో లేదో కళ్లతో చూసుకోండి. కలవకపోతే తిప్పి పెట్టండి. అయినా కలవకపోతే అది వేరే రకం ర్యామ్, తీసేయండి. బలవంతంగా నొక్కితే స్లాట్ పగులుతుంది, బోర్డు పోతుంది.

కలిసిందా, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా ఒకేసారి నొక్కండి. క్లిప్పులు వాటంతట అవే పైకి లేచి 'టక్' మనాలి. వాటిని మీరు చేత్తో మూశారంటే ర్యామ్ ఇంకా దిగలేదన్నమాట. ఒక చివర దిగి ఇంకో చివర వెంట్రుకవాసి లేచి ఉన్నా సిస్టం బీప్ బీప్ అని మొరాయిస్తుంది. 'కొత్త ర్యామ్ పాడైంది' అని షాపుకి తిరిగొచ్చే కేసుల్లో చాలావరకు ఇవే.

మూత బిగించకముందే ఆన్ చేయండి. బీప్ వస్తే వైరు పీకి, ఒక్కో ర్యామ్‌ని విడిగా పెట్టి చూడండి. తెర మీద 8 జీబీ కనబడితే ఆ రాత్రి మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) నడవనివ్వండి. పొద్దున ఒక్క ఎర్రర్ ఉన్నా వారంటీ కాగితం పట్టుకుని వెళ్లి మార్పించుకోండి.